పైకి లాగేసిన తాడు

తలుపు మళ్ళీ చప్పుడైంది. ధనరాజ్ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

“రాజ్యమండీ,” అంది భార్య అరుణశ్రీ, కన్నంలోంచి చూసొచ్చి. “మూడంతస్తులూ ఎక్కొచ్చింది, పాపం. తియ్యమంటారా?”

నాలుగేళ్ళుగా తప్పించుకు తిరుగుతున్న మనిషి గుమ్మంలోకే వచ్చేసింది!

అప్పట్లో ఆయన పాస్టరు. యాంగోన్‌లో ఆక్సిజన్ దొరకని ఆ కరోనా జూలైలో, రాజ్యం భర్త సూరికి జబ్బు చేసిందని విన్నాడు. విని, ఫోను ఆపేశాడు. వాళ్ళుండే సంచౌంగ్ పేటలో ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఓ తాడు వేలాడుతుంది. లాగితే పైన గంట మోగుతుంది. పేపరో చీటీయో దాని క్లిప్పుకి తగిలిస్తే పైకి లాక్కుంటారు. మర్నాడు రాజ్యం జోరువానలో వచ్చి ఆ తాడు లాగింది. ప్రార్థనకి పిలవడానికే! వెళ్తే చావు, వెళ్ళకపోతే పాపం. ధనరాజ్ తాడు పైకి లాగేసుకున్నాడు. రెండ్రోజులకి సూరి పోయాడు. ఆనాటి నుంచీ ఆయన బైబిలు ముట్టలేదు. పిల్లలకి లెక్కలు చెప్పుకుని బతుకుతున్నాడు.

“తియ్యి,” అన్నాడు చివరికి.

రాజ్యం గడప బయటే ఆగింది. “అయ్యగోరూ, మా పిల్ల ఆశకి జొరం. ఏటి జొరమో డాట్రుకే తెలట్లేదు. పక్కింటోళ్ళు తొంగి సూడట్లేదు. పార్దన సేత్తారా?”

జ్వరం! మళ్ళీ అదే పరీక్ష.

“మా ఇంట్లోకి రావక్కర్లేదు,” అంది రాజ్యం. “గుమ్మంలోంచే సెయ్యండి సాలు.”

ఆయన బీరువా మీంచి బైబిలు తీసి దుమ్ము దులిపాడు. “పిల్ల తల మీద చెయ్యేసే చేస్తాను, పద. మీ తన్లిన్ ఊరికి బస్సు ఎన్నింటికి?”

మెట్ల దగ్గర ఆగాడు. “రాజ్యం, ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను.”

“తెలుసు. తాడు నా సేతిలోంచే కదా పైకెళ్ళింది.”

“మరి నా దగ్గరికే ఎలా రాగలిగావు? నా ముఖం చూడాలని ఎలా అనిపించింది?”

రాజ్యం తన బైబిల్లోంచి వానకి ముడతలు పడ్డ చీటీ తీసి ఇచ్చింది. “మా ఆయన రాసేడు. తాడుకి తగిలిద్దారనే వొచ్చేను. ఈలోగా మీరు లాగేసేరు.”

ఒక్కటే వాక్యం.

“అయ్యగారూ, మా ఇంట్లో జబ్బుంది, మీరు మాత్రం రావద్దు.”