గోడ పక్క తుంగ

టైలరు పెరట్లో నాటిన అయిదో గులాబీ కూడా కుళ్ళిపోయిన రోజున, ప్రహరీ మీదుగా ఒక ముసలాయన తల కనిపించింది.

“అక్కడ గులాబీ బతకదు బాబూ. తుంగ పెట్టు.”

“తుంగా? అది కలుపు కదా పెద్దాయనా!”

“పొలంలో కలుపే. ఇక్కడ మాత్రం జారే మట్టిని కలుపుతుంది.”

బట్టలుతికే బండ నీళ్ళన్నీ ఆ మూలకే చేరేవి. ఆ మూలనే కుట్టుగది వెనక గోడ.

మర్నాడు ఆయనే నాలుగు దుబ్బులు తెచ్చి నాటాడు. కుడిచేతికి చిటికెన వేలు లేదు. అయినా పని చకచకా సాగింది.

“కాడని వేళ్ళ మధ్య తిప్పి చూడమ్మా,” అన్నాడు టైలరు భార్యతో. “మూడంచులు తగిలితే తుంగ.”

“అంచుల సంగతి మా ఆయనకి చెప్పండి. ఒక్క అంచు కుట్టమంటే మూణ్ణెల్లు తిప్పుతారు.”

అప్పట్నుంచి వారానికోసారి వచ్చేవాడు. తుంగని నిమిరేవాడు. తర్వాత గోడని నిమిరేవాడు. మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

తుంగ మోకాలెత్తు పెరిగింది. టైలరు అనుమానం నడుమెత్తు పెరిగింది.

“ఊరికే ఎందుకొస్తాడే ఈయన?”

“మీరు ఊరికే కూర్చోవడంలేదూ? ఆయన ఊరికే వస్తున్నాడు.”

ఉండబట్టలేక ఒకరోజు ఆయన్నే అడిగేశాడు.

“ఈ గోడకి పునాది మూరెడే బాబూ. తుంగ లేకపోతే వానకి ఆగదు. అందుకే చూసి పోతుంటా.”

“మూరెడని నీకెలా తెలుసు? పునాదిలోకి దూరి చూశావా?”

ముసలాయన తల దించుకున్నాడు.

ఆ వాలకాన్ని టైలరు తన టేపుతో కొలిచాడు. అయితే ఏదో పాతిపెట్టాడన్నమాట! పైన తుంగ కప్పాడన్నమాట!

“కుట్టేవాణ్ణి నేనైతే కుట్ర నీదా? ఇంకెప్పుడూ ఇటు రాకు!”

“రాను బాబూ. తుంగ మాత్రం పీకొద్దు.”

ఆ మాటని టైలరు అక్షరాలా తుంగలో తొక్కాడు. సాయంత్రానికల్లా దుబ్బులన్నీ పీకి, గోడ పక్కన మోకాలిలోతు తవ్వాడు.

“ఏం దొరికింది?” అంది భార్య.

“వానపాములు.”

“పోన్లెండి. తవ్వడంలో మీకంటే నయం.”

ఆ వారమే ముసురు పట్టింది. మూడు రోజుల్లో మట్టంతా జారిపోయింది. కుట్టుగది గోడ బయటికి ఒరిగి నిలువునా చీలింది. మిషన్లు రెండూ వరండాలోకి చేరాయి.

“వెళ్ళి ఆయన్ని పిలుచుకురండి. ఇల్లెక్కడ?”

ఊళ్ళో అందరి కొలతలూ రాసుకున్న టైలరు, ఆయన పేరైనా అడగలేదు.

వాన వెలిశాక గొయ్యిలోకి దిగి, పునాదిని చేత్తో కొలిచాడు. సరిగ్గా మూరెడే ఉంది.

దాని మీద, వాన మట్టిని కడిగేసిన చోట, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో అద్దిన కుడిచేతి ముద్ర ఉంది. ఆ చేతికి చిటికెన వేలు లేదు.