లైటు ఆరిందా

ఖానాపూర్ రోడ్డు మీది షెడ్డులో, అంబాసిడర్ కింద గుంతలో మెకానిక్ రాజలింగు నిలబడి ఉన్నాడు. పొద్దున తనే ఆయిల్ మార్చిన కారు. డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు ఎర్రగా వెలిగి ఆరడం లేదని, చీకటి పడ్డాక వకీలు జగపతిరావు మళ్లీ తెచ్చాడు. గుంత మెట్లు కారు ముందు భాగం కింద ఉన్నాయి. కారు జరిగితే గాని రాజలింగు పైకి రాలేడు.

టార్చి వెలుగులో ఇంజిన్ పక్కనున్న వైరు పీకాడు. అది ఊడితే లైటు ఆరాలి.

"ఆరిందా వకీల్ సాబ్?"

"ఆరలే," అని సీట్లోంచి జవాబు వచ్చింది.

"జర మంచిగ చూడుండ్రి. వైరు నా చేతులనే ఉన్నది."

"ఎర్రగనే ఉన్నది."

అంతలో షెడ్డు రేకు తలుపు చప్పుడైంది. గుంత అంచున వకీలు చెప్పులు ఆగాయి. చాయ్ వాసన వచ్చింది.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ రాజలింగూ? నేను చాయ్ తెద్దామని పోయిన."

"మరి కార్ల ఎవలున్నరు?"

"ఎవలుంటరు? చాబి నా జేబులనే ఉన్నది."

చాబి తిప్పకుండా ఆ లైటు వెలగదు.

రాజలింగు తల మీద సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. డ్రైవరు సీట్లో ఉన్నవాళ్లు పక్కకు జరిగి చోటిచ్చినట్టు.

"ఆగు, కారు జర ఎనుకకు తీస్త. నువ్వు బయటికి వద్దువు," అన్నాడు వకీలు.

ఎక్కొద్దని చెప్పబోయాడు రాజలింగు.

"రానియ్యి," అన్నారు పైనుంచి, అతనికొక్కడికే వినపడేంత మెల్లగా.

కారు డోరు తెరిచిన చప్పుడైంది.