గీత పడని మూత

దొంగిలించిన కారు సరిగ్గా పెట్రోలు బంకు ముందుకొచ్చి ఆగిపోవడం తన అదృష్టమే అనుకున్నాడు సుతారం. దిగి, నెట్టుకుంటూ పంపు దగ్గరికి చేర్చాడు. వెనక్కి వెళ్ళి చూస్తే ట్యాంకు మూతకి తాళం!

ప్రాణం ఉసూరుమంది. స్టీరింగు కింద తీగలు కలిపి స్టార్టు చేసుకొచ్చిన బండికి తాళంచెవులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

అసలు పేరు ఏదైనా, వృత్తిలోని వాళ్ళంతా అతన్ని సుతారం అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ళలో ఎన్ని తాళాలు తీశాడో గానీ, ఒక్కటంటే ఒక్కటి పగలగొట్టి ఎరగడు. గీత కూడా పడనివ్వడు. పగలగొట్టేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. అరవై ఏళ్ళ నాటి ఈ ఆకుపచ్చ కారుని కొనేవాడు ఊరి చివర పన్నెండింటి దాకానే ఉంటానన్నాడు. ఇప్పుడు పదకొండున్నర. బండి ఇక్కడే వదిలేసి మెల్లగా జారుకోవచ్చు. కానీ ఒక మూతకి ఓడిపోయి వెళ్ళడానికి మనసొప్పలేదు.

"తాళంచెవి మర్చిపోయావా నాయనా?"

నీడలో బల్ల మీద గొడుగు పట్టుకుని కూర్చున్న మామ్మగారు అడిగింది.

"అవును మామ్మగారూ, ఇంట్లో ఉండిపోయింది. ఇంటికి తాళం వేసి మా ఆవిడ ఊరెళ్ళింది," అన్నాడు, తడుముకోకుండా.

వెనక స్కూటరు మీదున్నాయన హారన్ మోగించాడు. "ఎంతసేపండీ బాబూ! సుత్తితో రెండు తగిలిస్తే అదే ఊడొస్తుంది."

సుతారానికి చుర్రుమంది. "సుత్తా? ఇలాంటి మూత మళ్ళీ పుట్టదండీ! దీన్ని కొట్టడానికి చేతులెలా వస్తాయి మీకు?"

"బాగా చెప్పావు," అంది మామ్మగారు లేచి వస్తూ. "మరి నువ్వెలా తీస్తావు? నీ వల్ల అవుతుందా?"

ఆ మాటతో పడిపోయాడు పాపం. నలుగురిలో పనితనం చూపించకూడదని తెలుసు. అయినా చెయ్యి ఊరుకుంటేనా! జేబులోంచి సన్నటి తీగ తీసి, మూతకి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. తీగ జారింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. చెమటలు పట్టాయి. మామ్మగారు అతని తల మీద గొడుగు పట్టింది. స్కూటరాయన కూడా హారన్ మానేసి ఊపిరి బిగబట్టాడు.

చిన్న చప్పుడు. మూత చేతిలోకి వచ్చేసింది.

పంపు దగ్గరి అమ్మాయి చప్పట్లు కొట్టింది. మామ్మగారు కళ్ళజోడు తుడుచుకుని మూతని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒక్క గీతైనా పడలేదే! నీ చేతిలో ఏదో ఉందయ్యా. దీనికి కొత్త తాళంచెవి చేయించుకోవచ్చా?"

"మూత చేతికొచ్చాక ఎంతసేపు మామ్మగారూ? ఎవరైనా చేసిస్తారు," అన్నాడు సుతారం, ఆనందంతో ఉబ్బిపోతూ.

"అయితే ట్యాంకు నిండా పోయించు. మధ్యలో ఆగిపోతే కష్టం."

మంచి సలహా అనిపించింది. నిండా పోయించి, ఇచ్చేది ఇచ్చేసి, మూత కోసం మామ్మగారి వైపు చెయ్యి చాపాడు. వెనక నుంచి ఒక చెయ్యి కాలరు పట్టుకుంది. హెల్మెట్ తీసేసిన స్కూటరాయన రెండో చేతిలో పోలీసు కార్డు ఉంది.

"ఏంటి సార్ ఇది? నా కారుకి నేను పెట్రోలు పోయించుకోకూడదా?"

"నీ కారా? మా అత్తగారిదయ్యా," అన్నాడతను, మామ్మగారిని చూపిస్తూ.

సుతారానికి ఏడుపొక్కటే తక్కువ. "అంటే మీకు ముందే తెలుసా? తెలిసీ, నా చేత ఈ చాకిరీ అంతా చేయించే దాకా ఎందుకు పట్టుకోలేదు మామ్మగారూ?"

మామ్మగారు మూతని అపురూపంగా రుమాల్లో చుట్టుకుంది. "తాళంచెవి పోయి మూడు నెలలైంది నాయనా, వచ్చిన ప్రతి మెకానిక్కూ కోసెయ్యాల్సిందే అన్నాడు, ట్యాంకులో మిగిలిన నాలుగు చుక్కలూ ఈ బంకు దాకానే వస్తాయి గనక, పనితనం తెలిసిన దొంగైనా దొరక్కపోతాడా అని వారం నుంచి షెడ్డు తలుపు బార్లా తీసిపెట్టి నీకోసమే చూస్తున్నాం!"