గోడవతలి కుర్చీ

సబ్బు చేతిలోంచి మగ్గు జారి దభీమని కిందపడింది.

వెంటనే గోడలోంచి ఎవరో టక్, టక్ మని కొట్టారు.

కోడలు చప్పున గోడ వైపు తిరిగింది. ఆమె సెలవు పెట్టిన రోజది. రోజూ ఆ వేళకి స్నానం చేసేది అత్తగారు. కూతురికి ఒంట్లో బాగాలేదంటే ఉన్నపళంగా ఆ ఊరు వెళ్ళిందావిడ.

మళ్ళీ టక్, టక్. ఈసారి ఇంకా గట్టిగా.

సగం స్నానంతో చీర చుట్టుకుని బయటపడింది. పెరటి తలుపు దగ్గర పక్కింటి ముసలాయన నిలబడి ఉన్నాడు! ఆమెను చూసి గతుక్కుమని వెనక్కి వెళ్ళిపోయాడు.

"గోడలో ఎలకలై ఉంటాయిలే," అన్నాడు సాయంత్రం ఇంటికొచ్చిన భర్త.

"ఎలకలు ఆగి ఆగి కొడతాయాండీ?"

ఎలాగూ ఆ బాత్రూమ్ బాగుచేయించాలని అనుకుంటూనే ఉన్నారు. గోడకి బిగించిన పాత చెక్క పలకలు చెమ్మకి ఉబ్బి కంపు కొడుతున్నాయి. మర్నాడే మేస్త్రీ వచ్చాడు. ఒక్కో పలకా కిర్రుమంటూ ఊడింది. బూజు, బొద్దింకలు, తుప్పు మేకులు.

చివరి పలక వెనక ఒక ఇటుక లేదు.

కోడలు వంగి చూసింది. అవతల పక్కింటి గది. ఆ కన్నానికి దగ్గరగా లాగిన ఒక కుర్చీ. దాని మీద బాగా నలిగిన దిండు.

"పలకకైతే చిల్లు లేదు సార్. ఆయనకేం కనబడదు," అన్నాడు మేస్త్రీ.

"వినబడుతుందిగా!" పళ్ళు కొరుకుతూ పక్కింటికి వెళ్ళాడు భర్త.

"ఆ కుర్చీ అక్కడేం చేస్తోందండీ?"

ముసలాయన మొహం పాలిపోయింది. "మీ అమ్మగారెప్పుడొస్తారు బాబూ? ఆవిడ చెప్పాలి గానీ, నేను..."

"మా అమ్మ మాటెత్తితే మర్యాద దక్కదు!"

వీధంతా పోగైంది. తలో మాటా అన్నారు. ముసలాయన్ని ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ఆ ఇంటి ఓనరు.

సామాను బండెక్కాక ముసలాయన గేటు దగ్గర ఆగాడు.

"ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్నానానికి వెళ్ళొద్దని మీ అత్తగారికి చెప్పమ్మా."

కోడలు చరాలున లోపలికి వచ్చేసింది. పోతూ పోతూ ఎంత బెదిరింపు! అత్తగారు హడలిపోతుందని ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అసలు ఆ గొడవే ఆవిడ చెవిన వెయ్యొద్దని మొగుడూ పెళ్ళాం అనుకున్నారు.

కన్నం పూడ్చి, సిమెంటు మెత్తి, పైన టైల్స్ అతికించారు.

ఆదివారం రాత్రి అత్తగారు వచ్చి కొత్త గోడ తడిమి చూసింది. "పాత పలకలే నయమేమోనే," అంది. చాదస్తం అని నవ్వుకున్నారు.

మర్నాడు సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి బాత్రూమ్ నీళ్ళు హాల్లోకి పారుతున్నాయి.

తెచ్చేసరికే బాగా ఆలస్యమైందన్నాడు డాక్టరు. అత్తగారు ఎప్పటికో కళ్ళు తెరిచింది. కుడిచేతి వేళ్ళ కణుపులన్నీ కమిలిపోయి ఉన్నాయి.

"కళ్ళు తిరుగుతున్నాయని ఎందుకు చెప్పలేదత్తయ్యా?" కోడలు ఏడ్చేసింది.

"చెబితే నువ్వు ఉద్యోగం మానేస్తావే పిచ్చిదానా. పక్కింటాయనకి మాత్రం చెప్పుకున్నా, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని. మగ్గు చప్పుడైతే చాలు, గోడ కొట్టి అడిగేవాడు. నేను బదులు కొట్టకపోతే పరిగెత్తుకొచ్చేవాడు. పోయినేడు నేను పడిపోతే దుప్పటి కప్పి బతికించింది ఆయనేనే."

ఆయాసం తీర్చుకుని, కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ ఎంత కొట్టినా పలకలేదు... ఒంటరి మనిషి, పాపం, ఏమైందో ఒక్కసారి వెళ్ళి చూసి రామ్మా."