నడుమెత్తు చెమ్మ

పై ఇంటి బాత్‌రూము నీళ్ళే అతని భార్యను చంపాయి. ఇందులో అనుమానానికి తావు లేదు. పడకగది గోడకు ఆరేళ్ళుగా చెమ్మ. పోయిన ఏడాది ఆ గోడ వారనున్న మంచం మీదే ఆమె దగ్గి దగ్గి కన్నుమూసింది. ఇప్పుడు అతనికి కావలసింది ఒక్కటే. తప్పు పై ఇంటిదేనని ప్లంబరు చేత కాగితం మీద రాయించాలి.

ప్లంబరు సంచిలోంచి సుత్తీ ఉలీ తీసేసరికి పై ఇంటావిడ మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గోడ కొట్టించకండి అన్నయ్యగారూ. మా బాత్‌రూము నేల తవ్వించి మళ్ళీ వేయిస్తాను. తప్పు మాదేనని రాసిమ్మంటే రాసిస్తాను."

"ఇన్నాళ్ళూ పెగలని నోరు సుత్తి కనపడగానే పెగిలిందే," అన్నాడు. "నీ స్నానం అయ్యాక మా గోడ స్నానం చేస్తోందని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? అప్పుడు రాసివ్వాల్సింది."

ఆవిడ తల వంచుకుంది గానీ వెళ్ళలేదు. దయతలచి ఇచ్చే కాగితం అతనికి అక్కర్లేదు. ఆమె నేరం ఆమె కళ్ళముందే బయటపడాలి.

ప్లంబరు గోడను అరచేత్తో తడిమాడు. రంగు బుడగలు తేలి ఉంది. వేలు తగిలితే పెచ్చులు రాలుతున్నాయి. లోపల తెల్లగా ఉప్పు పూసింది. మంచం తల వైపు నల్లటి బూజు. పైనుంచి దిగే నీరైతే ముందు స్లాబు తడవాలని, స్లాబు పొడిగా ఉందని, ఈ చెమ్మ నడుమెత్తులో పుట్టి ఇటుకల వెంట పైకి ఎక్కిందని చెప్పాడు. నీళ్ళు గోడ లోపలి నుంచి దొంగతనంగా దిగాయన్నాడు అతను. నిన్న పైన బాత్‌రూము తూము మూసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎర్రరంగు నీళ్ళు నిలబెట్టానని, కింద ఎరుపు చుక్క కూడా కనిపించలేదని ప్లంబరు గుర్తు చేశాడు. సున్నం రంగును తాగేసిందన్నాడు అతను.

అయితే ఇంకో పరీక్ష చేద్దామన్నాడు ప్లంబరు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టించి, అతన్ని వాకిట్లో నీళ్ళ మీటరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చిన్న ముల్లు నింపాదిగా తిరుగుతోంది.

"దీనికి పిచ్చి పట్టింది," అన్నాడు అతను.

"పడితే పట్టింది సార్. తిరగడానికి నీళ్ళు కావాలి కదా."

"కొట్టు గోడ."

నాలుగు దెబ్బలకే తడిసిన సిమెంటు ముద్దగా ఊడి పడింది. లోపల అతని వంటింటికి పోయే పైపు. అది వంపు తిరిగే చోట, అతుకు మీద, చీల్చిన సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది. ట్యూబు మీద రాగి తీగ, మూడు చుట్లు. తీగ కొస లోపలికి మడిచి ఉంది. దాని కిందనుంచి చుక్క వెనక చుక్క కారుతోంది.

ప్లంబరు నవ్వాడు. "ఎవడో మహానుభావుడు. బయట చుట్టినా వారం ఆగదు, దీన్ని గోడలో పెట్టి పూడ్చాడు. ఎవరు సార్ చేసింది?"

అతను వంగి తీగ కొసను వేలితో తడిమాడు. ఆ ఇంట్లో ఇవాళ్టిదాకా పనివాడి చెయ్యి పడనివ్వలేదు. కుళాయి, ఫ్యాను, తాళం, అన్నీ తనే. తీగ చుట్టిన ప్రతిచోటా, తుడిచేటప్పుడు భార్య వేళ్ళకు గుచ్చుకోకుండా కొస లోపలికి మడిచేవాడు. అలా మడిచేది లోకంలో అతనొక్కడే.

ప్లంబరు కాగితమూ పెన్నూ తీసి ఏం రాయమంటారని అడిగాడు. అతను కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకున్నాడు. వాకిట్లో వాల్వు కట్టేసి, ఆ వంపుకు కొత్త ఎల్బో పట్టుకొస్తానని ప్లంబరు వెళ్ళిపోయాడు.

పైపు కాసేపు కారి ఆగిపోయింది. గదిలో అతనూ, గుమ్మంలో పై ఇంటావిడా మిగిలారు. క్షమించమని అనడం అతనికి రాదు. గుమ్మం వైపు చూడకుండా గోడతోనే అన్నాడు.

"ఈ సంగతి చచ్చేదాకా నేనెత్తను. నువ్వూ ఎవరి దగ్గరా ఎత్తకు."

"ఎత్తను అన్నయ్యగారూ," అంది ఆవిడ. "మూడేళ్ళ కిందట, కారుతున్నది మీరు చుట్టిన పైపేనని తనకు తెలిసిన రోజున, వదిన కూడా నా చేత ఇదే ఒట్టు వేయించుకుంది."