పక్కకు తప్పుకునే కెప్టెన్

"రాత్రి మళ్ళీ నిద్రపోలేదు కదూ?"

వెనకసీట్లోంచి అమృతం అడిగింది. ముందుసీట్లో ఉన్న మార్క్ తల తిప్పకుండానే, "ఐ స్లెప్ట్ ఓకే" అన్నాడు. ఆమె తెలుగులో అడగడం, అతను ఇంగ్లీషులో జవాబివ్వడం ఆ కారులో మామూలే. సగం మాటలు అతనికి అర్థమవుతాయి. మిగతా సగం ఆమె ముఖం చూసి తెలుసుకుంటాడు.

"అబద్ధాలాడకు. కళ్ళు చూడు, ఎట్లా లోపలికి పోయాయో. ఏవండీ, మీరైనా చెప్పండి."

కారు నడుపుతున్న సమూయేలు పక్కకు చూశాడు. కాలేజీ హాస్టలు గేటు దగ్గర ఎక్కించుకున్నప్పటి నుంచీ మార్క్ తన చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకునే కూర్చున్నాడు.

అది 1990. మెల్‌బోర్న్‌లో జూలై చలి. కారు గ్రౌండు పక్కన ఆగింది. మార్క్ బ్యాగు భుజాన వేసుకుని, "దిస్ ఈజ్ మై లాస్ట్ గేమ్" అని దిగిపోయాడు. అమృతం దిగలేదు. ప్రతి శనివారం వస్తుంది, కారులోనే రోడ్డువైపు ముఖం పెట్టుకుని కూర్చుంటుంది.

రెండేళ్ళ కిందట ఇదే గ్రౌండులో వాళ్ళ అబ్బాయి బెన్‌హర్ బంతి కోసం పైకెగిరాడు. అవతలి ఆటగాడి భుజం ఛాతీకి బలంగా తగిలింది. కిందపడిన బెన్‌హర్ మళ్ళీ లేవలేదు. ఈ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో భుజంతో ఢీకొట్టే 'బంప్' నియమాల ప్రకారమేనని, తప్పు ఎవరిదీ కాదని అందరూ తేల్చారు. ఈ రోజులాగే ఆ మ్యాచ్ కూడా రివర్‌సైడ్, హిల్ కాలేజీల మధ్యే. మార్క్ కూడా ఆ రోజు ఆడాడు. ఆ చప్పుడు మార్క్ విన్నాడు, గట్టుమీద కూర్చున్న అమృతం విన్నది. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న సమూయేలు వినలేదు. అయినా ఆపరేషన్ థియేటర్లో ఎవరైనా ట్రే జారవిడిస్తే ఆయన గుండె ఆగినంత పనవుతుంది.

హిల్ కోచ్ ఎదురొచ్చి టోపీ తీశాడు. "మావైపు కూర్చోండి డాక్టర్. మీ కుర్చీ ఎప్పుడూ ఉంటుంది."

"థాంక్స్. నేను ఇటే ఉంటాను" అని సమూయేలు రివర్‌సైడ్ వాళ్ళ బెంచీ వైపు నడిచాడు.

రివర్‌సైడ్ కోచ్ పళ్ళు కొరుకుతున్నాడు. "అప్పట్లో అన్ని కాలేజీల కన్నా మేమే ముందు. ఇప్పుడు అందరికన్నా వెనక. ఎందుకో చెప్పండి? హిల్ వాళ్ళకు మా అంత పరుగు లేదు. మిగతావాళ్ళకు మా అంత గురి లేదు. కానీ బంతి నేలమీద ఉంటే వాళ్ళు దానిమీద పడతారు. మావాళ్ళు ఆగిపోతారు."

"అందరూనా?"

"మా కెప్టెన్ మార్క్ ఆగుతున్నాడు. అతన్ని చూసి అందరూ."

ఆట మొదలైంది. కోచ్ చెప్పింది నిజమే. మార్క్ అందరికన్నా ముందు బంతిని చేరుకుంటున్నాడు. ఎదుటివాడు రెండు అడుగుల దూరంలోకి రాగానే పక్కకు తప్పుకుంటున్నాడు. "భయమా కెప్టెన్?" అని గట్టుమీంచి ఎవరో అరిచారు. ఆఖరి విరామానికి హిల్ మూడు గోల్స్ ముందుంది.

మార్క్ జట్టుకు దూరంగా కంచె దగ్గర కూలబడ్డాడు. సమూయేలు వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఐ స్టిల్ హియర్ ఇట్" అన్నాడు మార్క్. "ఎవరైనా దగ్గరికి రాగానే ఆ చప్పుడు వినబడుతుంది."

"నాకూ వినబడుతుంది మార్క్. నేను ఆ రోజు ఇక్కడ లేను. అయినా వినబడుతుంది."

కారు తలుపు మూసిన చప్పుడైతే సమూయేలు వెనక్కి తిరిగి చూశాడు. అమృతం శాలువా కప్పుకుని, తడిగడ్డిలో చెప్పులు జారుతుంటే మెల్లగా వస్తోంది. రెండేళ్ళలో ఆమె ఈ గడ్డి తొక్కడం ఇదే మొదలు. వచ్చి మార్క్ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. అవి మంచుముక్కల్లా ఉన్నాయి.

"బెన్‌హర్ బంతి వదిలేసి తప్పుకునేవాడు కాదు" అంది. "నువ్విట్లా ఆడితే వాడికి నచ్చదు నాయనా. పో, ఆడు."

"వాట్ ఇఫ్ సంబడీ..." అంటూ మార్క్ గ్రౌండువైపు చూశాడు.

"ఎవరికీ ఏమీ కాదు. నేను ఇక్కడే నిలబడి చూస్తాను. కళ్ళు మూసుకోను."

విజిల్ మోగింది.

ఆట ముగియబోతుండగా బంతి మధ్యలో పడి దొర్లింది. హిల్ ఆటగాడొకడు అటునుంచి, మార్క్ ఇటునుంచి పరిగెత్తారు. మార్క్ తప్పుకోలేదు. భుజం భుజానికి తగిలిన చప్పుడు కంచె దాకా వినిపించింది. సమూయేలు జీవితంలో మొదటిసారి ఆ చప్పుడు విన్నాడు. అమృతం గోళ్ళు ఆయన చేతిలో దిగబడ్డాయి.

హిల్ కుర్రవాడు వెల్లకిలా పడి ఉన్నాడు. మార్క్ బంతిని గాలికి వదిలేసి వాడి పక్కన మోకాళ్ళమీద కూలిపోయాడు.

కుర్రవాడు కళ్ళు తెరిచాడు. ఉమ్మాడు. "గుడ్ బంప్, మేట్" అని నవ్వి, మార్క్ చెయ్యి పట్టుకుని లేచాడు.

రివర్‌సైడ్ ఓడిపోయింది. ఆ ఏడు ఆఖరిస్థానం వాళ్ళదే. అయినా కోచ్ తిట్టలేదు. మార్క్ బురద ముఖంతో నేరుగా కంచె దగ్గరికి వచ్చి, అమృతం భుజంమీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె శాలువా కొంగుతో ముఖం తుడుస్తూ, "రేపు ఇంటికి భోజనానికి రా. వచ్చే శనివారం కూడా ఆడాలి నువ్వు" అంటోంది. సమూయేలు అతని వీపుమీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

అవతలి గట్టుమీద, ఈ ఏడే హిల్ కాలేజీలో చేరిన ఒక లెక్చరర్ వాళ్ళను చూసి తమ కోచ్‌ను అడిగాడు.

"వాళ్ళు ఆ కెప్టెన్ అమ్మానాన్నలా?"

"కాదు, అతని భుజం తగిలి చనిపోయిన మా బెన్‌హర్ అమ్మానాన్నలు."