తడి సున్నం

గోడకు కొట్టిన సున్నం ఇంకా ఆరలేదు. వేలు పెడితే అంటుకుంటోంది.

"ఏదమ్మా బూజు? చూపియ్" అన్నాడు బాలమల్లు, రెండు చేతులూ నడుం మీద పెట్టుకొని. ఇల్లు అతనిది. అందులో ఒక గది అద్దెకు తీసుకున్నది కోమల. ఆమె ఫిర్యాదు మీద న్యాయ సహాయ కేంద్రం నుంచి విచారణకు వచ్చిన వకీలు హెప్సిబా నాలుగు గోడలూ కలియజూసింది. పెళ్లివారిల్లులా తెల్లగా ఉన్నాయి.

"నిన్న పొద్దటిదాంక గిదంత నల్లగుండె మేడం. నేను దవాఖానకు పోంగనే మనుషులను పెట్టి సున్నమేయించిండు" అంది కోమల. మాట పూర్తయ్యేలోపే దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గింది.

"నా ఇంటికి నేను సున్నమేసుకుంటే అది గూడ తప్పేనా?" అన్నాడు బాలమల్లు.

కోమలకు ఒళ్లు మండిపోయింది. ఈ మనిషికి చెప్పుకునే కన్నా గోడకు చెప్పుకోవడం నయం.

ఊపిరితిత్తులకు బూజు పట్టిందని కరీంనగర్‌లో డాక్టరు చెప్పాడు. ఏడాదిపాటు మందులు మింగాలి, మరమగ్గాల పని మానాలి. మానితే తినేదేమిటి? మందులెవరు కొంటారు? పనిచేసే చోట రోగం తగిలితే యజమానే చూసుకోవాలని చట్టం ఉందట. అది విని మూడు నెలల కింద కార్మిక శాఖ ఆఫీసు మెట్లెక్కింది. వాళ్లు కార్ఖానా ఆసామిని పిలిపించారు. ఈమె తన దగ్గర ఒక్క దినం కూడా పనిచేయలేదని ఆయన కాగితం మీద రాసిచ్చి, మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు.

పదకొండేళ్లు ఆ మరమగ్గాల సాంచాల ముందు నిలబడి బట్ట నేసిన మనిషి! హాజరు పుస్తకం లేదు, జీతం చీటీ లేదు. తోటివాళ్లను సాక్ష్యం అడిగితే తలలు దించుకున్నారు. ఎవరి కడుపు వాళ్లది.

ఆ ఆఫీసులో గుమస్తా ఒక్కడే మంచిగా మాట్లాడాడు. "ఆడ పనిజేసినట్టు ఒక్క కాగితం తీస్కరా అక్కా. మిగిలింది నేను చూస్కుంట."

ఆ ఒక్క కాగితమే ఎక్కడా దొరకలేదు. అప్పుడు ఈ అద్దె గది మీద ఫిర్యాదు పెట్టింది.

హెప్సిబా చెక్కపెట్టె జరిపించి, వెనక గోడ మీద టార్చి వేసింది. సున్నం కింద నలుపు అరచేతులంత మచ్చలుగా కనబడింది.

"ఇది ఏంది బాలమల్లు గారూ? అద్దెకిచ్చిన ఇల్లు మనుషులు ఉండేటట్టు ఉంచాలె. ఈమె రోగం గీ గోడలతోనే వచ్చిందని రాస్తే మీరే జవాబు చెప్పుకోవాలె."

బాలమల్లుకు కోపం నషాళానికంటింది. కోపమొస్తే అతని నోటికి తాళం ఉండదని వాడకట్టంతా ఎరుగుదురు.

"నా ఇంటితోని రాలే మేడం! ఈమె ఇంట్ల ఉండేదెంత సేపు? పొద్దుగాల పోతే పొద్దుమూకినంక వస్తది. పదకొండేండ్ల సంది సాంచాల మీదనే ఉన్నది. రోగం ఆడ తగిలింది."

"ఆడ బూజెందుకుంటది?" అంది కోమల, చాలా మెల్లగా.

"ఎందుకుంటదా? దారం తెగొద్దని దినాం బండల మీద నీళ్లు కొడ్తరు. చెమ్మ ఆరిపోవద్దని కిటికీలు మూస్తరు. గోడలన్ని నల్లగైనయి. ఎనక వరుసల నాలుగో సాంచా నీది. నెత్తి మీదికెల్లి బూజు రాలుతనే ఉంటది. అబద్ధమా?"

"కాదు" అంది కోమల. "మేడం, గా మాటలు రాసుకోండ్రి."

హెప్సిబా కార్ఖానా పేరుతో సహా రాసి, చదివి వినిపించింది. "సంతకం పెడ్తరా?"

"ఒకటి గాదు, పది పెడ్త!"

పెట్టాడు. దాని కింద అడ్డంగా ఒక గీత కూడా గీశాడు. కలం మూసి కోమల వైపు తిరిగాడు. "నోరా వీపుకు దెబ్బలు తేకే అంటరు. ఇంకోసారి నా మీద ఫిర్యాదు పెట్టేటప్పుడు యాదిల పెట్టుకో. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యి."

"చేస్త" అంది కోమల. ఆ మాటకు ఏడుపు రావలసింది, రాలేదు. హెప్సిబాను అడిగి ఆ కాగితం నకలు ఒకటి తీసుకుంది.

మర్నాడు కార్మిక శాఖ ఆఫీసులో గుమస్తా ఆ నకలును రెండుసార్లు చదివాడు. లేచి వెళ్లి బీరువాలోంచి పాత ఫైలు తెచ్చాడు. 'ఈమె నా దగ్గర ఒక్క దినం కూడా పనిచేయలేదు' అన్న ఆసామి కాగితాన్ని తీసి దాని పక్కన పరిచాడు.

రెండిటి కిందా ఒకే సంతకం, ఒకే అడ్డగీత: బాలమల్లు.